ఎరుపుకు పోయిన కనకాంబరం

నాగర్‌కర్నూల్‌లో నాదొక చిన్న మ్యాచింగ్ సెంటర్. చీర తెచ్చి చూపిస్తే దానికి సరిపోయే జాకెట్ గుడ్డ, లంగా, ఫాల్ ఇస్తాను. మొన్న ఒక అమ్మాయి వచ్చి కౌంటరు మీద ఫోన్ పెట్టి, అందులో చీర ఫొటో చూపించి, "ఆంటీ, దీనికి ఆరెంజ్ బ్లౌజ్ పీస్ ఇయ్యరా" అంది. ఫొటో చూసి గుడ్డ ఇచ్చే అలవాటు నాకు లేదు. చీర తెచ్చుకోమన్నాను. "ఆరెంజే కద ఆంటీ, ఏదో ఒకటి ఇయ్యండి" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఏదో ఒకటి ఇవ్వడానికా నేను పొద్దున్నే షట్టర్ ఎత్తేది? ఆమె ఆరెంజ్ అని చేతులు దులుపుకున్న రంగులో నా అరల్లో సంత్రతొక్క ఉంది, గుమ్మడిగుజ్జు ఉంది, ఇటుక ఉంది, మోదుగుపువ్వు ఉంది, కాషాయం ఉంది. అన్నిటికంటే పైన, చేతికి అందే చోట, కనకాంబరం ఉంది. ఈ తాన్లన్నీ కిందికి లాగి ఆ పిల్ల ముందు పరిచి, ఒక్కొక్కదాని పేరూ చెప్పించుదామని స్టూలు ఎక్కాను.

స్టూలు మీద ఉండగానే గద్వాల నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, రంగుల పెద్దమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగింది, గోడకు ఆనుకొని కూసున్నది, గంతే" అన్నాడు. నా చెయ్యి కనకాంబరం తాను మీద ఉంది. దాన్ని తీయాలో వదలాలో తెలియలేదు. కింద ఆ అమ్మాయి, "ఏమైంది ఆంటీ" అని రెండుసార్లు అడిగింది. షాపు మూసి బస్సెక్కాను గాని, నేను చేరేసరికి అన్నీ అయిపోయాయి.

ఆమెకు ఒక పేరు ఉండేది. ఓటరు కార్డు మీద కూడా అచ్చయింది. మా వీధిలో ఆ పేరుతో ఎవరైనా పిలవగా నేను వినలేదు కాబట్టి ఇక్కడా రాయను. మగ్గాలున్న ఇళ్లకు నూలుకూ పట్టుకూ రంగులద్దే మనిషి. భర్త చేసిన పని, ఆయన పోయాక తాను అందుకుంది. పొట్టి మనిషి, చీర మోకాళ్లదాకా ఎగదోపి, మోచేతులదాకా రంగుతో తిరిగేది. ఆమె గోళ్లు చూస్తే ఆ వారం మా వీధిలో ఏ రంగు చీరలు మగ్గమెక్కాయో చెప్పేయవచ్చు. ఆ చేతులతోనే జొన్నరొట్టె తుంచి తినేది. కడుక్కోరాదా పెద్దమ్మా అంటే, "కడిగితె పోతే అది బణ్ణం ఏంటికైతదే" అనేది. ఆమె పుట్టిల్లు రాయచూరు దిక్కు. రంగును చివరిదాకా బణ్ణం అనే అన్నది.

రేకుల షెడ్డు, రెండు పెద్ద గంగాళాలు, ఒకటి నూలుకు, ఒకటి పట్టుకు. కట్టెల పొయ్యి. పోగుల కట్టలను, అంటే చిలపలను, తగిలించి తిప్పడానికి వెదురు కర్రలు. షెడ్డుకు ఉత్తరం వైపు గుమ్మం. ఏ రంగునైనా పొద్దున ఎనిమిదికీ పదికీ మధ్య ఆ గుమ్మంలో నిలబడి చూడాల్సిందే. ఒక్క పోగు తెంపి, ముంజేతి మీద ఆరబెట్టి, ఆ వెలుతురులో పట్టి చూసేది. మిట్టమధ్యాహ్నం ఎండలో చూడనిచ్చేది కాదు, బల్బు కింద అసలే చూడనిచ్చేది కాదు. "ఎండల బణ్ణం మురుస్తది. బలుపు కింద అబద్ధమాడ్తది" అనేది.

ఎవరైనా వచ్చి ఎరుపు కావాలంటే అద్దేది కాదు. "ఎరుపనేది ఇంటిపేరు. ఆ ఇంట్ల నీకు ఎవరు గావాలె?" అని అడిగేది. మిరపపండా, దానిమ్మగింజా, ఇటుకా, కుంకుమా? చెప్పలేక నీళ్లు నమిలితే ఇంటికిపోయి ఇంకోసారి అడుక్కొని రమ్మనేది. పెద్ద పెద్ద షావుకార్లను కూడా అట్లా తిప్పి పంపింది. వాళ్లు బయట తిట్టుకుంటూ పోయి, మళ్లీ ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు.

అన్ని రంగుల్లోకీ ఆమె పొయ్యి దగ్గర నోరు మూసుకొని పనిచేసేది ఒక్క కనకాంబరం అద్దేటప్పుడే. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, ఆ రోజు ఎవరూ పలకరించకూడదు. ఎందుకని ఒకసారి అడిగాను. "ఎరుపు దిక్కు ఒక్క చుక్క పోయిందా, మిరపపండు మొకం వెడ్తది. పసుపు దిక్కు ఒక్క చుక్క వచ్చిందా, సంత్రపండు. నడిమిట్ల ఎంట్రుకంత జాగ ఉన్నది. ఆడ నిలవెట్టాలె. మాట్లాడుకుంట నిలవెట్టస్తదా?" అంది.

కనకం అంటే బంగారం, అంబరం అంటే వస్త్రం అని బడిలో మా తెలుగు సారు చెప్తే, వచ్చి ఆమెకు చెప్పాను. గంగాళంలో కర్ర తిప్పుతున్నది ఆపేసింది. కాసేపు ఆలోచించి, "అట్లయితె మొదలు చీరనే పుట్టింది. పువ్వుకు మన పేరు వెట్టుకున్నరు" అంది. ఆ వారమంతా చిలపలు తెచ్చినవాళ్లందరికీ అదే చెప్పింది. పువ్వు తన దగ్గర అప్పు తీసుకున్నట్టు మాట్లాడేది.

ఇంత నోరు, ఇంత గర్వం ఉన్న మనిషి, తాను అద్దిన రంగు ఎట్లా ఉందని ఒకరిని అడగడం ఎప్పుడైనా ఉంటుందా? ఉండేది కాదు. నేను డిగ్రీ ముగించి ఇంటి దగ్గర నాయినతో పాటు మగ్గం మీద కూర్చుంటున్న రోజుల్లో ఆమె అట్లా అడగడం మొదలుపెట్టింది. చిలప తీసుకోవడానికి పోతే పోగు నా ముందుకు చాచి, "ఎట్లున్నదే?" అనేది. నేను పొంగిపోయాను. ఊళ్లో ఇంకెవరినీ అడగదు, నన్నే అడుగుతోంది. నా కన్ను మీద ఆమెకు నమ్మకం కుదిరిందని మా అమ్మకు చెప్పుకున్నాను. తమ్ముడి ముందు కొంచెం గొప్పలు కూడా పోయాను.

ఒకరోజు కనకాంబరం చిలప కోసం పోయాను. దండెం మీద రెండు ఆరుతున్నాయి, ఒకటి కనకాంబరం, ఒకటి మిరపపండు. ఆమె చెయ్యి చాచి మిరపపండు తీసి నా చేతిలో పెట్టింది. ఆట పట్టిస్తోందనుకొని నవ్వాను. ఆమె నవ్వలేదు. నా నవ్వు ఎందుకో అర్థంకాక మొహం ఇటూ అటూ తిప్పింది. అప్పుడు చూశాను. ఎడమకంటి నల్లగుడ్డు మధ్యలో తెల్లటి పొర, పాలు ఒలికి ఆరినట్టు. కట్టెల పొగకు ఆమె కళ్లు ఎప్పుడూ ఎర్రగా, నీళ్లు కారుతూ ఉండేవి కాబట్టి ఎవరూ అంత దగ్గరగా చూడలేదు. నేను చూశాను. ఆమె ఇచ్చిన చిలపను మెల్లగా దండెం మీద వేసి, పక్కనున్నది తీసుకున్నాను. ఆమె ఆ చప్పుడు విన్నది. ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

దారి పొడుగునా అదే ఆలోచన. ఎవరికి చెప్పాలి? నాయినకు చెబితే రేపటికి వీధంతా తెలుస్తుంది. అప్పటికే బయటి నుంచి రంగులద్దిన నూలు, పట్టు తయారుగా వచ్చేస్తున్నాయి. షావుకార్లు ఒక సాకు కోసం చూస్తున్నారు. రంగుల పెద్దమ్మకు కళ్లు కనిపించవట అన్న ఒక్క మాట చాలు, ఆమె పొయ్యి ఆరిపోతుంది. ఆ పని తప్ప ఆమెకు ఇంకేమీ లేదు, ఎవరూ లేరు. నేనే ఆమె కళ్లుగా ఉంటే సరిపోతుందనుకున్నాను. అది దయ అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అందులో గర్వమే ఎక్కువ.

అట్లా ఏడాది పైన గడిచింది. ఆమె "ఎట్లున్నదే" అంటుంది, నేను "సక్కగున్నది పెద్దమ్మా" అంటాను. ఉన్నప్పుడూ అదే, లేనప్పుడూ అదే. రంగులు కొంచెం కొంచెంగా ఎరుపు వైపు జరుగుతున్నాయి. ఆమె కంటికి అన్నీ పసుపుపచ్చగా కనిపిస్తూ ఉండాలి, పసుపు ఎక్కువైందనుకొని ఎరుపు కలుపుకుంటూ పోయింది. తలనొప్పి అని నుదుటికి గుడ్డ బిగించి కట్టుకునేది. పొగ తలకు పట్టిందనేది. నేను ఔననేదాన్ని. చీరలు మాత్రం అమ్ముడుపోతూనే ఉన్నాయి. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు ఒకలా రంగు తాగుతుంది, పట్టు ఇంకోలా తాగుతుంది. అందుకే ఒళ్లు ఒక రంగు, అంచు ఇంకో రంగు పెట్టి నేస్తాం. రంగు ఒక చుక్క అటూ ఇటూ అయినా పక్కనున్న రంగు దాన్ని కప్పేస్తుంది. నా అబద్ధాలన్నీ ఆ అంచు చాటునే దాక్కున్నాయి.

వనపర్తి నుంచి ఒక నర్సమ్మ రాకపోతే ఇంకెన్నాళ్లు దాక్కునేవో. సర్కారు దవాఖానలో పనిచేస్తుందట. ఒక పాత గద్వాల చీరను సంచిలో పెట్టుకొని మా ఇంటికి వచ్చింది. మడతల దగ్గర చీలికలు పేలికలైంది గాని రంగు మాత్రం నిన్న అద్దినట్టుంది. ఒళ్లూ అంచూ కొంగూ అన్నీ కనకాంబరమే, మీద జరీ మాత్రమే వేరు. "మా అమ్మ చీర ఇది. నా బిడ్డ పెండ్లిల నేను గీ రంగే కట్టుకొని నిలవడాలె. నేసిస్తరా?" అని నాయినను అడిగింది. నూలునూ పట్టునూ ఒకే రంగులో నిలబెట్టడం ఎంత కష్టమో నాయినకు తెలుసు. కానీ ఆ చీరను ముట్టుకోగానే ఆయన మొహం మారిపోయింది. "ఇది మా వదిన అద్దిన రంగే. ఆమె చేతిల ఇంకా ఉన్నది" అన్నాడు. పెద్దమ్మను ఆయన వదిన అనేవాడు.

నేనే ఆ పాత చీర పట్టుకొని షెడ్డుకు పోయాను. నమూనా చేతిలో ఉంటే పక్కన పెట్టుకొని ఎట్లాగో సరిచేయవచ్చని నా ఆశ. ఆమె చీరను వేళ్లతో తడిమింది, ముక్కు దగ్గర పెట్టుకుంది, మడిచి నాకే ఇచ్చేసింది. "నేనద్దిన బణ్ణం నాకే సూపిస్తవా? తీస్కపో" అంది. అప్పుడైనా చెప్పవచ్చు. పెద్దమ్మా, నీకు కనిపించడం లేదు, నాకు తెలుసు అని ఒక్క మాట. గొంతుదాకా వచ్చింది కూడా. ఆమె అప్పటికే పొయ్యిలో కట్టెలు సర్దుతోంది, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుంటోంది, ఎన్నాళ్లకో ఇంత హుషారుగా ఉంది. మింగేశాను.

పాత చీరను నర్సమ్మ మళ్లీ సంచిలో పెట్టుకొని పోయింది. అది ముసురు పట్టిన వారం. సూర్యుడు మొహం చూపించలేదు. మొదటిరోజు నూలు అద్దింది. నూలు రంగుపొడి పాత డబ్బాలోది, చేతికి అలవాటైన కొలత. చెంచాలు వేసుకుంటూ పోయింది, సరిగ్గా కనకాంబరం దిగింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. రెండోరోజు పట్టు. పట్టు రంగుపొడి కొత్త డబ్బా. కొత్త పొడికి చేతి కొలత పనికిరాదు, కన్నే దిక్కు. గంగాళం మరుగుతోంది. ఆమె చిలపలు ముంచి తిప్పుతూ, మీద వేలాడుతున్న ట్యూబులైటు కింద పోగు పట్టి చూస్తోంది. ఆమె బల్బు కింద రంగు చూడడం నేను మొదటిసారి చూశాను. "ముసురు గద, ఏం జేస్తం" అంది నేను అడగకముందే. ఇంకో చిటికెడు ఎరుపు వేసింది. ఇంకోటి వేసింది. చిలప పైకి ఎత్తి నావైపు చాచింది, నీళ్లు కారుతున్నాయి, ఆవిరి మా ఇద్దరి మధ్య నిలబడింది. "ఎట్లున్నదే?"

తడిపట్టు. ట్యూబులైటు. పక్కన ఆరిన నూలు చిలప పట్టుకొని చూశాను. దగ్గరగానే ఉన్నట్టుంది. ఎర్రగా ఉన్నట్టు కూడా ఉంది. ఆరితే సర్దుకుంటుందేమో అనుకున్నాను. ఇప్పుడు ఎర్రగా ఉందంటే, ఎంత, ఎటు, ఎందుకు నీకు కనబడలేదు అన్న మాటలన్నీ వరసగా వస్తాయి. "సక్కగున్నది పెద్దమ్మా" అన్నాను. ఆమె చిలపను గంగాళం మీది నుంచి తీసేసింది. "నేను జెప్పలే?" అంది, తృప్తిగా.

పడుగు సాగదీశాం, మగ్గానికి ఎక్కించాం. ముసురు వదల్లేదు. ఇంట్లోనూ ట్యూబులైటే. గుంట మగ్గంలో నాయిన మధ్యలో కూర్చుని ఒళ్లు నేసే పేక పోగును నాడెలో పెట్టి విసురుతాడు, పక్కన నేను అంచు నాడె విసురుతాను. ఒక మూర, రెండు మూరలు. ఆ లైటు కింద నూలూ పట్టూ కవల పిల్లల్లా కనిపిస్తున్నాయి. నాయిన రెండుసార్లు ఆగి అంచును వేలితో రాసి చూశాడు. ఏంటన్నాను. ఏం లేదన్నాడు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని అమ్మ వేపాకు దిండు కింద పెట్టింది.

మూడో మూర నడుస్తుండగా ఒక పొద్దున ఎండ వచ్చింది. వారం రోజుల ఎండ ఒక్కసారే వచ్చినట్టు, కిటికీలోంచి నేరుగా మగ్గం మీద పడింది. నాయిన చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఒళ్లు కనకాంబరం. రెండువైపులా అంచు ఎండుమిరపకాయ. ఒళ్లూ అంచూ కలిసే కుట్టు దగ్గర గీత గీసినట్టు రెండూ విడిపోయాయి. "ఏందిది?" అన్నాడు చివరికి. "నువ్వు సూసి తెచ్చినవు గద?" అన్నాడు. నేను తల వంచుకున్నాను. ఆ మధ్యాహ్నమే నర్సమ్మ వనపర్తి నుంచి చీర ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి వస్తానని చెప్పి ఉంది. నాయిన తమ్ముడిని పంపి పెద్దమ్మను పిలిపించాడు. వద్దు నాయినా అన్నాను. "ఏంటికి వద్దు? రంగు మారింది, ఆమెకు సూపియ్యాలె గద. తప్పు యాడ జరిగిందో ఆమెకే తెలుస్తది" అన్నాడు. ఆయన మాటలో కోపం లేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

ఇద్దరూ ఇంచుమించు ఒకేసారి వచ్చారు. నర్సమ్మ సంచిలోంచి వాళ్లమ్మ చీర తీసి, మగ్గం మీది బట్ట మీద పరిచింది. పాతదీ కొత్తదీ పక్కపక్కన. చీలికలైన పాత చీరలో ఒకే రంగు పారుతోంది. కొత్తదాంట్లో రెండు రంగులు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. నర్సమ్మకు కనిపించింది. వాకిట్లో నిలబడిన అమ్మకు అక్కడి నుంచే కనిపించింది. తమ్ముడికి కనిపించింది. మగ్గం పక్కన నిలబడిన పెద్దమ్మ మాత్రం, అందరూ ఎందుకు ఊరకున్నారో తెలియక, అలవాటు కొద్దీ నావైపు తిరిగింది. "ఎట్లున్నదే?" అంది.

అందరూ నన్నే చూస్తున్నారు. పట్టపగలు. ఎండ నిండుగా పడుతోంది. చిన్నపిల్లను తెచ్చి నిలబెట్టినా చెప్పేస్తుంది. నా నోట్లోంచి ఏడాది పైన వస్తున్న మాటే వచ్చింది. "సక్కగున్నది పెద్దమ్మా" అన్నాను.

ఎవరూ ఏమీ అనలేదు. ఒక్కరు నా మాటకు అడ్డం చెప్పినా బాగుండేది. ఆ నిశ్శబ్దంలోనే ఆమెకు మొత్తం తెలిసిపోయింది. అక్కడున్న అందరికీ కనిపించేదేదో తనకు కనిపించడం లేదని, అది నాకు ఎప్పటి నుంచో తెలుసని. వంగి, బట్ట మీద చెయ్యి పెట్టి, ఒంటి మీంచి అంచు మీదికి జరిపింది. వేళ్లకు రంగు తెలియదు గదా. చెయ్యి తీసేసింది.

"కండ్లు పోయింది నాకు" అంది మెల్లగా. "నోరు నీకెట్ల పోయిందే?"

నాయిన ఏదో సర్దిచెప్పబోయాడు. ఆమె వినిపించుకోలేదు. నర్సమ్మ మాత్రం చీర సంగతి వదిలేసి ఆమె గడ్డం పట్టుకొని మొహాన్ని వెలుతురు వైపు తిప్పింది. "ఇది మోతిబిందు అవ్వా, కంట్ల పొర. ఎన్నొద్దులైంది? రేపే వనపర్తికి రా, మా కండ్ల డాక్టర్‌కు సూపిస్త" అంది. పెద్దమ్మ రానంది. నర్సమ్మ, "నా చీర ఖరాబ్ చేసినవు, ఇంగ నా మాట ఇనాలె" అంది. ఆ ఒక్క మాటకు పెద్దమ్మ తలూపింది.

చీర సంగతి ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే చదివేవాళ్ల మనసు అక్కడే ఉంటుంది. మగ్గం మీద ఉన్న పడుగు కోసేశాం. కుడికంటికి ఆపరేషను అయ్యాక పెద్దమ్మ మళ్లీ నూలూ పట్టూ అద్దింది. పెళ్లికి నాలుగు రోజుల ముందు చీర దిగింది, ఒకే రంగు. నర్సమ్మ కట్టుకొని దిగిన ఫొటో ఫోన్లో పంపింది. ఫొటోలో రంగును నమ్మను గాని, ఆ చీర నేను నేసిందే కాబట్టి నాకు తెలుసు. కట్టు విప్పిన రోజు పెద్దమ్మ ఆకాశం చూసి, "ఇంత నీలం యాడ వెట్టిండ్రే ఇన్నొద్దులు" అందట. నాతో అనలేదు, మా అమ్మతో అంది. తర్వాత ఆ ఏడాదిలో తాను అద్దిన చీరలు ఎవరి ఇళ్లలో ఉన్నాయో కనుక్కొని, తెలిసినవాళ్ల గడపలన్నీ ఎక్కి, తీయించి చూసుకుంది. ఒక్కో ఇంట్లో "ఇది నా తప్పు" అని చెప్పి వచ్చింది. వాళ్లలో సగంమందికి తప్పు ఎక్కడుందో కూడా తెలియదు. నన్ను ఒక్క ఇంటికీ తోడు రమ్మనలేదు.

ఆమె పోయిన తర్వాత నన్ను తినేస్తున్నది ఆ చీర కాదు. ఆపరేషనుకు ముందు, వనపర్తిలో డాక్టరు మొదటిసారి చూసిన రోజు. నర్సమ్మ పట్టుబట్టి నన్నే తోడు పంపించమంది. బస్సులో పెద్దమ్మ కిటికీ పక్కన కూర్చుంది. నేను నీళ్ల సీసా ఇస్తే తీసుకుంది, తాగింది, తిరిగి ఇచ్చింది. క్షమించమని అడగడానికి మాటలు కూడగట్టుకుంటూనే నేను బస్టాండులో దిగాను.

డాక్టరు చాలాసేపు చూశాడు. లైటు వేశాడు, ఏదో మందు వేశాడు, కూర్చోబెట్టి మళ్లీ చూశాడు. కుడికంటికి ఆపరేషను చేస్తే చూపు వస్తుందన్నాడు. ఎడమ కన్ను గురించి చెప్పేటప్పుడు కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాడు. పొర బాగా ముదిరి, లోపల ఒత్తిడి పెరిగి, నరం దెబ్బతిన్నదన్నాడు. "తలనొప్పి ఉండెనా?" అని అడిగాడు. ఉండె సారు అంది. "ఏడాది ముందు వచ్చి ఉంటే రెండు కండ్లూ దక్కేవమ్మా" అన్నాడు. ఇంక ఆ కంటికి చెయ్యడానికి ఏమీ లేదని చెప్పాడు.

ఏడాది. నేను దండెం దగ్గర చిలప మార్చుకొని, ఆ కంటిలో తెల్లపొర చూసి, ఎవరికీ చెప్పకూడదని అనుకుంటూ ఇంటికి నడిచి ఏడాదీ రెండు నెలలు. ఆ కన్ను అప్పుడు బతికే ఉంది. ఆమె పొయ్యి ఆరిపోకుండా కాపాడాననుకున్నాను నేను.

డాక్టరుకు కోపం వచ్చింది. ఆయన తప్పేం లేదు, రోజూ ఇట్లాంటివి చూసి విసిగిపోయి ఉంటాడు. "బయటికే తెల్లగ కనబడ్తది గదమ్మా. చుట్టుపక్కల ఎవ్వరూ చూడలేదా?" అన్నాడు. అని నావైపు తిరిగాడు. చెప్పాల్సింది ఒకే మాట. చూశాను సారు, అంతే. పెద్దమ్మ పక్కనే కూర్చుని ఉంది, రంగు పట్టిన చేతులు ఒళ్లో పెట్టుకొని. నేను ఊపిరి తీసుకునే లోపల ఆమె మాట్లాడింది.

"ఎవ్వరు సూడలే సారు" అంది. "పొగల ఉండేదాన్ని. ఎవ్వరికి తెల్వది."

నేను ఎప్పుడూ చెప్పేదాన్ని కదా ఆమెకు సక్కగున్నదని, అంత మామూలుగా చెప్పింది. డాక్టరు తల పంకించి కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆమె నావైపు చూడలేదు. నాకు ఇంకా సమయం ఉంది. ఆయన రాయడం ముగించేదాకా, కాగితం చింపి నర్సమ్మకు ఇచ్చేదాకా, మేము లేచి గుమ్మందాకా పోయేదాకా ఉంది. నేను నోరు తెరవలేదు.

ఆ తర్వాత ఆమె తొమ్మిదేళ్లు ఒక్క కంటితో రంగులద్దింది. నేను పెళ్లయి నాగర్‌కర్నూల్ వచ్చేశాను. ఇప్పుడు ఆ డాక్టరు ఎక్కడున్నాడో తెలియదు, ఆమె అయితే లేనే లేదు. అయినా ఆ ప్రశ్నకు జవాబు నేను బాకీ ఉన్నాను. సారు, పెద్దమ్మ అబద్ధం చెప్పింది. నేను చూశాను.